పెరిగే ఊరు – మన పిల్లల వాటా

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన విషయం 'మన ప్రాంత అభివృద్ధి – మన సమాజం'. చాలా పెద్ద విషయం. నేను ఆర్థికశాస్త్ర పండితుణ్ణి కాను, హైస్కూల్లో సోషల్ చెప్పే మాస్టర్ని. తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్ళమని బి.ఎడ్.లో మాకు మొదటి నెలలోనే నేర్పారు. కాబట్టి నాకు బాగా తెలిసిన ఒక్క ఊరి గురించే మాట్లాడతాను. ఆ ఊరు కొండపల్లి. ఇక్కడున్న వాళ్ళలో సగం మందికి అక్కడ చుట్టాలున్నారు. మిగతా సగం మంది ఉర్సుకి షాబుఖారీ బాబా దర్గాకి వచ్చినప్పుడైనా చూసే ఉంటారు.

ఈ మధ్య బడికి వెళ్ళే దారిలో, టీ కొట్టు దగ్గర ఒక ప్లాట్ల ఏజెంటు ఆపి, "మాస్టారూ, ఊరు పెరుగుతోంది, ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడూ కొనలేరు" అన్నాడు. ఊరు పెరుగుతోందన్న మాట నిజమే. ఇబ్రహీంపట్నం, కొండపల్లి కలిపి మున్సిపాలిటీ చేశారు. 2021 నవంబరులో 29 వార్డులకు మొదటిసారి ఓట్లు వేశాం. రింగు సెంటర్లో రోడ్డు దాటాలంటే పది నిమిషాలు నిలబడాలి. కానీ నేను బడికి వెళ్ళి ఆరో తరగతి హాజరు పట్టీ తెరిస్తే, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉన్నన్ని పేర్లు లేవు. ఊరు పెరుగుతోంది, నా హాజరు పట్టీ తరుగుతోంది. ప్రైవేటు బళ్ళకి పోయారు అంటారు. అదీ ఉంది, కానీ అదొక్కటే కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలని తేలింది. తల్లీతండ్రీ ఇద్దరి స్థానంలో ఇద్దరు కూడా పుట్టడం లేదన్నమాట. మరి ఊరెలా పెరుగుతోంది? వలస వల్ల. 2001లో ఉమ్మడి కృష్ణా జిల్లా జనం 41.87 లక్షలు, 2011లో 45.17 లక్షలు. పదేళ్ళలో పెరిగింది నూటికి ఎనిమిది లోపే. కానీ ఆ పదేళ్ళలోనే జిల్లాలో పట్నాల వాటా నూటికి 32 నుంచి 41 దాకా వచ్చింది. లెక్క వేసి చూడండి. పట్నాల్లో దాదాపు 5 లక్షల మంది పెరిగారు, పల్లెల్లో లక్షన్నరకు పైగా తగ్గారు. కొన్ని పల్లెలను పట్నాలుగా రాసుకోవడం వల్ల కొంత తేడా వచ్చిందనుకున్నా, దారి ఎటో తెలుస్తూనే ఉంది. డెల్టా పల్లెలు ఖాళీ అవుతున్నాయి, బెజవాడ చుట్టుపక్కల ఊళ్ళు నిండుతున్నాయి. కొండపల్లిలో అప్పటికే 33 వేల పైచిలుకు జనం. ఆ తర్వాత దేశంలో జనాభా లెక్కలే జరగలేదు, ఇక 2027లో. ఈలోగా ఎంతమంది వచ్చారో చెప్పేవి కరెంటు మీటర్లు, మంచినీళ్ళ ట్యాంకర్లు, శుక్రవారం నమాజుకి మస్జిదు బయట పరిచే చాపలు. ఈ మధ్య ఆ చాపల మీద బీహారు, జార్ఖండ్ కుర్రాళ్ళు కూడా కనపడుతున్నారు.

వలస అంటే పక్కవాళ్ళ కథ అనుకోకండి, నాదీ అదే. మేం నూర్ బాషాలం. పల్లెల్లో దూదేకుల సాయిబులంటారు. మాది దివిసీమలో ఒక పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నేను మూడో తరగతి. ఆ రాత్రి గురించి ఇప్పుడు చెప్పను, చెప్పడం మొదలుపెడితే ఈ సభ నడవదు. తెల్లారాక పరుపు కుట్టించుకునే ఇల్లు ఒక్కటీ మిగల్లేదు. మా నాన్న దూదేకే విల్లు భుజాన వేసుకుని, ఎవరో చెప్పిన మాట పట్టుకుని కొండపల్లి వచ్చాడు. అక్కడ థర్మల్ స్టేషన్ కడుతున్నారు. వేల మంది కూలీలు, మేస్త్రీలు, ఇంజనీర్లు. కొత్తగా కట్టిన క్వార్టర్లు. ఇంజనీరు గారి ఇంటికి మంచం వస్తే దాని మీదికి పరుపు కావాలి కదా. మా నాన్న బూరుగు దూది ఏకి పరుపులు కుట్టాడు. ఆరు నెలల తర్వాత మమ్మల్ని పిలిపించుకున్నాడు. పరుపుల పనివాడికి ఇంత బేరం ఉన్న ఊరు కృష్ణా జిల్లాలో ఆ రోజుల్లో ఇంకోటి ఉండి ఉండదు.

మనవాళ్ళు చాలామంది అలాగే వచ్చారు. కొందరు రేకుల పనికి, కొందరు పంక్చర్లకి, వెల్డింగుకి, ఇంకొందరు లారీల మీద క్లీనర్లుగా. ఊరు లేచేటప్పుడు మనం ముందే వచ్చాం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఈ ఊరు పెరగడం ఇదే మొదటిసారి కాదు. కొండవీటి రెడ్డిరాజుల కాలం నుంచి ఆ కొండ మీద కోట ఉంది. గజపతులు, బహమనీలు, కృష్ణదేవరాయలు, కుతుబ్ షాహీలు వరసగా చేతులు మార్చుకున్నారు. ఉత్తర సర్కారులు అయిదింటిలో ఒకటి కొండపల్లి సర్కారు. దానికే ముస్తఫానగర్ అని ఇంకో పేరు. పక్కనున్న ఇబ్రహీంపట్నానికి ఆ పేరు గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా వల్ల వచ్చిందంటారు. అంటే ఒకప్పుడు బెజవాడవాళ్ళు పని మీద కొండపల్లి వచ్చేవాళ్ళు. 1766లో కోట కుంఫిణీవాళ్ళ చేతికి వెళ్ళింది. కొన్నాళ్ళు సిపాయిలను ఉంచారు. ఆ తర్వాత కోటతో వాళ్ళకి పనిలేకపోయింది. 1855కి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది, కాలవలు కదిలాయి, ఆ వెనకే రైళ్ళు. సర్కారు ముఖ్యపట్టణం పల్లె అయింది, పల్లె లాంటి బెజవాడ పట్నమైంది. మనం ఆనకట్టకి ఎగువన ఉన్నాం కాబట్టి డెల్టా కాలవ నీళ్ళు మన పొలాలకి ఎక్కవు. కృష్ణమ్మ పక్కనే పారుతున్నా మెట్ట వ్యవసాయమే చేసిన ఊరిది. పాఠంలో ఈ మాట చెప్తే పిల్లలు నవ్వుతారు, "అంత నది ఉంటే నీళ్ళు లేకపోవడమేంటి సార్" అని.

మళ్ళీ దాని దశ తిరిగింది అదే నది వల్ల, అదే రైలు వల్ల. థర్మల్ స్టేషన్‌కి మూడు కావాలి. సింగరేణి నుంచి బొగ్గు రావడానికి రైలు మార్గం కావాలి. కాజీపేట లైను ఊరి మధ్యలోంచే పోతుంది. యంత్రాలు చల్లబరచడానికి నీళ్ళు కావాలి. 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజి వల్ల పైన నీళ్ళు నిలబడి ఉన్నాయి. విస్తారంగా స్థలం కావాలి. మెట్ట భూమి కాబట్టి మాగాణి కంటే చౌకగా దొరికింది. 1979లో మొదటి యూనిట్ వెలిగింది. 1995 నాటికి ఆరు యూనిట్లు, ఒక్కొక్కటీ 210 మెగావాట్లు. తర్వాత 500 మెగావాట్లది ఏడోది, 2023లో 800 మెగావాట్లది ఎనిమిదోది. మొత్తం 2,560 మెగావాట్లు. దాని పేరు డాక్టర్ నార్ల తాతారావు గారిది, మనం మాత్రం ఇప్పటికీ వీటీపీఎస్ అనే అంటాం. దాని వెనక పారిశ్రామికవాడ, ఆయిల్ డిపోలు, వంటగ్యాసు నింపే ప్లాంట్లు, 2000లో గ్యాసుతో నడిచే కరెంటు కేంద్రం వచ్చాయి. హైదరాబాదు నుంచి మచిలీపట్నం పోయే 65వ నంబరు హైవే మన పక్కనే. జగదల్‌పూర్ వైపు నుంచి దిగి వచ్చే 30వ నంబరు హైవే సరిగ్గా ఇబ్రహీంపట్నం దగ్గరే ఆగుతుంది. లారీకి ఇంతకంటే మంచి కూడలి ఉండదు. ముందు వరసలో కూర్చున్న దాతల్లో కొందరి ఇంట్లో పొయ్యి వెలిగిందీ ఆ లారీల మీదనే, నేను విడిగా చెప్పక్కర్లేదు.

కొండపల్లి అనగానే బయటివాళ్ళకి గుర్తొచ్చే బొమ్మల గురించి ఒక్క మాట. తెల్లపొణికి చెక్క, చింతగింజల అంబలితో కలిపిన రంపపు పొట్టు, ఆర్యక్షత్రియుల చేతి పని. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరికి పేరు తెచ్చింది బొమ్మలే. కానీ ఊరికి జనాన్ని తెచ్చింది మాత్రం పొగగొట్టాలే. బొమ్మల కాలనీ కుర్రాళ్ళు కూడా నా దగ్గర చదువుకుని డిపోల్లో లెక్కలు రాసే పనికి వెళ్ళారు.

ఇప్పుడు మూడో కెరటం వస్తోంది. 2015 అక్టోబరులో నదికి అవతల అమరావతికి శంకుస్థాపన జరిగింది. మధ్యలో కొన్నేళ్ళు పనులు ఆగిపోయాయి, ఇప్పుడు మళ్ళీ నడుస్తున్నాయి. గొల్లపూడి దగ్గర కృష్ణ మీద బైపాసు వంతెన వచ్చింది. 2022లో ఎన్టీఆర్ జిల్లా అయ్యాక కలెక్టరాఫీసు విజయవాడలోనే, మనకి ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. అందుకే ఆ ఏజెంటు నన్ను టీ కొట్టు దగ్గర ఆపాడు.

అతనికి నేను ఒక ప్రశ్న వేశాను. "బాబూ, ఆ ప్లాటు మీద పడ్డ వాన ఎటు పోతుంది?" అతనికి తెలియదు. 2024 ఆగస్టు ఆఖర్లో, సెప్టెంబరు మొదట్లో ఏం జరిగిందో మీకు తెలుసు. బుడమేరు డైవర్షన్ కాలవకు మన కొండపల్లి శాంతినగర్ దగ్గర, కవులూరు దగ్గర గండ్లు పడ్డాయి. ఆ నీళ్ళు పోయి విజయవాడ సింగ్ నగర్‌ని ముంచాయి. మిలటరీ వాళ్ళొచ్చి గండ్లు పూడ్చాల్సి వచ్చింది. మన సొసైటీ కుర్రాళ్ళు ట్రాక్టర్ల మీద బిర్యానీ పొట్లాలు, మంచినీళ్ళ సీసాలు మోసుకెళ్ళి పంచారు. ఈ సంచికలోనే వాళ్ళ ఫొటోలున్నాయి, సంతోషం. కానీ ఊరు పెరుగుతోందని సంబరపడేవాళ్ళు ఆ గండి కూడా మన ఊళ్ళోనే పడిందని మర్చిపోకూడదు. అప్పు చేసి పల్లంలో స్థలం కొన్న పేదవాడి నష్టాన్ని ఏ ఫిత్రా పంపకమూ పూడ్చలేదు. ఎండాకాలం గాలికి బూడిద చెరువుల మీంచి లేచే బూడిద సంగతి కూడా ఉంది. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కునే ఆడవాళ్ళని అడగండి. ఆ బూడిద ఇటుకలకి, సిమెంటుకి పోతుంది, దాంతో కొందరికి లారీ కిరాయిలు దొరుకుతున్నాయి. మంచీ చెడూ ఒకే టిప్పర్లో వస్తున్నాయి.

సరే, ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట దగ్గరికి వస్తాను. మనం ముందే వచ్చాం. మరి ఎక్కడున్నాం?

2011 లెక్కల్లో దేశం మొత్తం మీద నూటికి 31 మంది పట్నాల్లో ఉంటే, ముస్లింలలో దాదాపు 40 మంది పట్నాల్లో ఉన్నారు. అంటే పట్నం చేరడంలో మనం వెనకబడలేదు. కానీ పట్నంలో ఏం చేస్తున్నాం? సొంత చిన్న వ్యాపారాల్లో, చేతిపనుల్లో మనం ఎక్కువ, నెల జీతం ఉద్యోగాల్లో తక్కువ అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. కొండపల్లిలో నేను రోజూ చూసేది అదే. గేటు బయట టైరు పంక్చరు మనది, గేటు లోపల మీటరు చూసే ఉద్యోగం ఇంకొకరిది. గేటు లోపల మనవాళ్ళుంటే ఎక్కువ మంది కాంట్రాక్టరు కింద. కాంట్రాక్టరు మారితే గేటు పాసు కూడా మారుతుంది.

ఇందులో ఎవరి కుట్రా లేదు, అలా అనడం తేలిక గానీ. మొదటి యూనిట్లు వచ్చినప్పుడు మా నాన్న పనితనాన్ని ఎవరూ కాదనలేదు. కానీ పర్మినెంటు పోస్టులకి పదో తరగతి, ఐటీఐ కాగితాలు అడిగారు. మా నాన్న వేలిముద్ర మనిషి. నా పెద్దన్నయ్య ఏడో తరగతిలో మానేసి విల్లు పట్టాడు. ఐటీఐ చదివిన కుర్రాళ్ళు గుంటూరు, ఖమ్మం నుంచి వచ్చి చేరారు. వాళ్ళకి మేం పరుపులు కుట్టాం. ఆ తర్వాత ఫోమ్ పరుపులొచ్చాయి. అన్నయ్య విల్లు అటక ఎక్కింది, ఇప్పటికీ అక్కడే ఉంది. నేను చదువుకోవడానికి కారణం నా తెలివి కాదు. నాకు చిన్నప్పుడు ఉబ్బసం, దూది దగ్గర కూర్చోలేకపోయేవాణ్ణి. అందుకని నన్ను బడికి పంపారు.

పని వచ్చిన రోజున చేతిలో కాగితం ఉన్నవాడు లోపలికి వెళ్తాడు, లేనివాడు గేటు బయట కొట్టు పెట్టుకుంటాడు. 1979లో అలాగే జరిగింది, 1995లోనూ అలాగే జరిగింది. ఇప్పుడు నదికి అవతల ఆఫీసులు, ఆసుపత్రులు, కాలేజీలు లేస్తున్నాయి. వాటి గేటు బయట కూడా మనం కొట్లే పెట్టుకుంటామా అన్నది నా భయం.

మూడేళ్ళ కిందట నా పదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. తండ్రి లారీ డ్రైవరు. నూజివీడు ట్రిపుల్ ఐటీకి సరిపోయే మార్కులొచ్చాయి. మీలో కొందరికి తెలియకపోవచ్చు, 2008లో పెట్టిన ఆ సంస్థలో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ళ చదువుకి తీసుకుంటారు. ప్రభుత్వ బడి పిల్లలకు కొంత కలిపి లెక్క చూస్తారు కూడా. ఆ పిల్లకి బీసీ-ఇ కోటా వర్తిస్తుంది. కానీ కులధ్రువీకరణ పత్రం లేదు. తండ్రి వారం రోజులు ఒడిశా ట్రిప్పులో ఉన్నాడు, తల్లికి ఆఫీసుల దారి తెలియదు. నాకు తెలుసు. కానీ ఆ వారం మా ఇంట్లో పెళ్ళి పనులు. "వచ్చే వారం చూద్దాం తల్లీ" అన్నాను. వచ్చే వారానికి గడువు దాటిపోయింది. కోటా లేకుండా పెట్టిన దరఖాస్తుకి సీటు రాలేదు. ఆ పిల్లకి పద్దెనిమిదేళ్ళు నిండగానే పెళ్ళయింది. సుఖంగానే ఉంది, పండక్కి మా ఇంటికి సేమ్యా పంపిస్తుంది. ఆ గిన్నె చూసినప్పుడల్లా నాకు గొంతు దిగదు. ఇది ఎవరి తప్పో వేరే చెప్పక్కర్లేదు, నాదే.

2007 చట్టం వల్ల వచ్చిన 4 శాతం బీసీ-ఇ అయినా, మా నూర్ బాషాలకు ఉన్న బీసీ-బి అయినా, కాగితం చేతిలో ఉంటేనే పనికొస్తాయి. షేక్ అని ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఎవరూ సీటు ఇవ్వరు. మన ఇళ్ళల్లో పెళ్ళి కార్డు మీద ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, టీసీలో మరో పేరు. నా బడిలో 'మహమ్మద్' అన్న ఒక్క పేరును ఎన్ని రకాలుగా రాశారో లెక్కపెట్టడం మానేశాను.

ఇప్పుడు దాతలకు చెప్పాల్సింది చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. మన సొసైటీ ప్రతి ఏడూ రంజాన్‌లో రేషన్ కిట్లు ఇస్తుంది, పేద పిల్లల పెళ్ళిళ్ళకి సాయం చేస్తుంది, పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన వాళ్ళకి ఈ వేదిక మీదే శాలువా, మెమెంటో ఇస్తుంది. ఇవేవీ మానమని నేనను. జకాతు పైకం ఏయే ఖర్చులకి చెల్లుతుందో చెప్పాల్సింది ఆలిములు. నేను అడిగేది చందాలు, సదఖాల గురించి. శాలువా కప్పించుకున్న పిల్లాడు జూన్‌లో ఎక్కడున్నాడో ఎప్పుడైనా అడిగామా? నేను అడిగాను. గత సంవత్సరం ఈ వేదిక ఎక్కిన మా బడి అబ్బాయిల్లో ఒకడు ఇప్పుడు ఆటోనగర్‌లో షెడ్డులో ఉన్నాడు. పని మంచిదే, ఓనరు కూడా మంచివాడే. కానీ అదే పనికి ఐటీఐ డీజిల్ మెకానిక్ ఒక ఏడాది, మోటారు మెకానిక్ అయితే రెండేళ్ళు. ఆ కాగితం ఉంటే షెడ్డులోనూ పని దొరుకుతుంది, కంపెనీలోనూ దొరుకుతుంది, ఆర్టీసీలోనూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎందుకు చేరలేదురా అని అడిగితే, "చేరే రోజు కట్టడానికి డబ్బు లేదు సార్, ఇంట్లో నెలకి ఎంతో కొంత తెమ్మన్నారు" అన్నాడు. ప్రభుత్వం ఫీజు వెనక్కి ఇస్తుంది, కానీ తర్వాత ఎప్పుడో. చేరే రోజున పెట్టుబడి ఎవరిది?

పది పాసైన రోజు నుంచి మొదటి జీతం వచ్చే రోజు దాకా, ఆ రెండు మూడేళ్ళే మనవాళ్ళు జారిపోయే చోటు. మన సాయం పదో తరగతి దగ్గర ఆగిపోయి, మళ్ళీ పెళ్ళి దగ్గర మొదలవుతోంది.

ఆడపిల్లల విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. కొండపల్లి నుంచి విజయవాడ పాలిటెక్నిక్‌కి పోవడానికి ఆడపిల్లకి బస్సు ఖర్చు సున్నా. కొందరు తండ్రులు ఇంతకాలం "బస్సు చార్జీలు పెట్టలేం మాస్టారూ" అన్నారు. ఇప్పుడు ఆ మాట పోయింది, అసలు మాట బయటపడింది. సాయంత్రం చీకటి పడ్డాక బస్టాపు నుంచి ఇంటిదాకా పిల్ల ఎలా వస్తుంది అని. అది ఉత్త సాకు కాదు, నాకూ కూతురుంది. అయితే దానికి చదువు మాన్పించడమొక్కటే మందా? మన పేటలో నలుగురు అమ్మాయిలు ఒకే కాలేజీలో చేరితే నలుగురూ కలిసి వస్తారు. సాయంత్రం ఆరున్నర బస్సుకి ఒక పెద్దామె ఎదురెళ్ళి తీసుకొస్తే, ఆమెకి నెలకి ఇంత అని సొసైటీ ఇవ్వవచ్చు. మన పేటల్లో ఒంటరి ఆడవాళ్ళు ఎంతమంది లేరు! రెండు ఇళ్ళకి సాయం అవుతుంది.

అబ్బాయిల సంగతికి మీలో షెడ్లు, వర్క్‌షాపులు, డిపోలు ఉన్నవాళ్ళు వినండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఒకటుంది. 30 మందీ అంతకు మించీ పనిచేసే చోట అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నలుగురు పనిచేసే చిన్న షెడ్డు కూడా ఇష్టమైతే తీసుకోవచ్చు. స్టైపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయల వరకు కేంద్రం భరిస్తుంది. ఆఖర్లో పరీక్ష రాసి పాసైతే కుర్రాడికి దేశమంతా చెల్లే సర్టిఫికెట్. మీ షెడ్డులో ఇప్పటికే పనిచేస్తున్న కుర్రాణ్ణి పేరు నమోదు చేయించి అప్రెంటిస్‌గా మారిస్తే, మీకు వచ్చే నష్టం ఏముంది? కంప్యూటర్లో దరఖాస్తు నింపడం తలనొప్పి అంటారా, అది నాకు వదిలేయండి. రిటైరవడానికి నాకు ఇంకా కొన్నేళ్ళే ఉంది, ఆ తర్వాత తీరికే తీరిక.

నేను సెక్రటరీ గారితో కూర్చుని ఒక లెక్క వేశాను. ఐటీఐలో చేరే అబ్బాయికి చేరేరోజు ఖర్చు, బస్సు పాసు, మధ్యాహ్నం టిఫినుకి, పనిముట్ల పెట్టెకి, ఇంట్లో వాళ్ళ చేతిలో పెట్టడానికి కొంత, అన్నీ కలిపి నెలకి 3,000 రూపాయలుంటే వాడు షెడ్డుకి పోకుండా క్లాసుకి పోతాడు. చివరి పద్దు చూసి కొందరు సభ్యులు ముఖం చిట్లించారు. "ఇంట్లో ఇవ్వడమేంటి మాస్టారూ, మనం చదువుకి ఇస్తున్నాం గానీ" అన్నారు. ఆ పద్దు లేకపోతే మిగతావన్నీ వృథా. పదహారేళ్ళ కుర్రాడు మన ఇళ్ళల్లో విద్యార్థి కాదు, ఆ ఇంటి రెండో సంపాదన. ఆ సంపాదనకి బదులు ఏమీ పెట్టకుండా వాణ్ణి చదువుకోమనడం, మా అన్నయ్యకి ఎవరూ చెప్పని మాటని వీళ్ళకి ఊరికే చెప్పడం.

పోయినేడు మెమెంటోలకి, ఫ్లెక్సీలకి, భోజనాలకి అయిన ఖర్చు ఈ సంచిక వెనక పేజీల్లో ఆడిటు లెక్కలో ఉంది. నేను అంకె చదవను, మీరే చూసుకోండి. దాన్ని 3,000తో భాగించి, మళ్ళీ ఇరవై నాలుగు నెలలతో భాగించండి. ఎంతమంది పిల్లలో తెలుస్తుంది. లెక్కల మాస్టర్లు ఇక్కడ ముగ్గురున్నారు, తప్పుంటే దిద్దుతారు.

ఈ మార్చిలో పది రాయబోయే మన పిల్లల జాబితా, కొండపల్లి, ఇబ్రహీంపట్నం రెండు చోట్లా ఇంటింటికీ తిరిగి రాశాం. ఎవరి దగ్గర కులధ్రువీకరణ పత్రం ఉంది, ఎవరి దగ్గర లేదు, ఎవరి ఆధార్‌లో పేరు తేడాగా ఉంది, అన్నీ అందులో ఉన్నాయి. పిల్లల పేర్లు ఈ మైకులో చదవడం మర్యాద కాదు. కాగితం సెక్రటరీ గారి దగ్గర ఉంది. ఒక్కో పిల్లకి, పిల్లాడికి ఎదురుగా ఒక గీత ఖాళీగా వదిలాం. రెండేళ్ళు ఆ బిడ్డ బాధ్యత తీసుకునేవాళ్ళు ఆ గీత మీద సంతకం పెట్టాలి. పేరు బయటికి రావద్దనుకుంటే సంతకం బదులు ఫోను నంబరు చాలు.

సర్టిఫికెట్లు లేని పిల్లల తల్లిదండ్రులు సోమవారం సాయంత్రం అయిదు తర్వాత మన ఆఫీసుకి రండి, నేనుంటాను. రేషన్ కార్డు, పిల్లల ఆధార్, తండ్రిదో పెదనాన్నదో పాత టీసీ దొరికితే అదీ, జిరాక్సులు రెండేసి తెచ్చుకోండి. ఇంట్లో పెళ్ళి ఉన్నా నేను వస్తాను. సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నారు, వెనకాల డేగిశాలు దించారట. ఖుదా హాఫిజ్.